లెక్కల్లో మొదటివాడు, తెలుగులో చివరివాడు

ఐదో తరగతి చివర రాసిన ఎంట్రెన్స్‌లో నాకు సీటు వచ్చిందని తెలిసిన రోజు మా బాపు చక్కెర ఫ్యాక్టరీ నుంచి ఇంటికి రావడానికి చాలాసేపు పట్టింది. దారిలో కనబడ్డ ప్రతి మనిషి దగ్గరా సైకిల్ దిగి ఆ మాట చెప్పుకుంటూ వచ్చాడట. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ బీడీల చాట ఒళ్లోంచి దించకుండానే, "అయితే పెద్దబడికి పోతవన్నట్టు. మరి ఆడ నీ తల ఎవరు దువ్వుతరు?" అంది. ప్రభుత్వం నడిపే మగపిల్లల గురుకులం అది. పరీక్ష రాసి గెలిస్తేనే లోపలికి రానిస్తారు. చందూర్ దిక్కు మా పల్లె నుంచి అంతకుముందు ఎవరూ అందులో అడుగుపెట్టలేదు.

మొదటిరోజు ప్రార్థనలో ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, "మీరు జిల్లా మొత్తం చెరిగి ఏరిన గింజలు" అన్నారు. ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది. పక్కవాడి ఛాతీ కూడా ఉబ్బిందని అప్పుడు గమనించలేదు. మొదటి యూనిట్ టెస్ట్ అయ్యాక అర్థమైంది. అక్కడున్న ప్రతివాడూ వాడి ఊళ్లో మొదటివాడే. ఒకడు వేల్పూర్‌లో మొదటివాడు, ఒకడు ఇందల్వాయిలో మొదటివాడు. అందరూ మొదటివాళ్లయినచోట ఎవడో ఒకడు చివరివాడు కాక తప్పదు.

తప్పదనేది మాకు రోజూ గుర్తుచేసేవాళ్లు. తరగతిలో బెంచీలు ర్యాంకుల ప్రకారం. టెస్ట్ అయిన ప్రతిసారీ పుస్తకాలు చంకన పెట్టుకుని స్థలాలు మారేవాళ్లం. అన్నం దగ్గర కూడా అదే వరుస. ముందు ర్యాంకులవాళ్ల పళ్లేల్లో ములక్కాడ ముక్కలు పడేవి, వెనక ర్యాంకులదాకా వచ్చేసరికి సాంబారు పల్చబడి నీళ్లలాగా పళ్లెం అంచుకి పారేది. నేను ఎప్పుడూ మధ్యలో ఉండేవాణ్ని. మా ఊళ్లో నన్ను చూసి నేర్చుకోమని పిల్లల్ని తిట్టేవాళ్లు. ఇక్కడ నా పేరు సార్లకు గుర్తుండడానికే ఏడాది పట్టింది. ఎంత చదివినా ముందు బెంచీకి పోలేకపోయేవాణ్ని. ఆ కసి నాకు ఆ బడిలో ఉన్నన్నాళ్లూ పోలేదు.

నా స్నేహితుడు ఎప్పుడూ చివరి బెంచీలోనే ఉండేవాడు. వాడిది బోధన్. వాళ్ల అబ్బా రేకు పెట్టెలు చేసేవాడు. మేమందరం నిజామాబాద్ బజార్లో కొన్న పెట్టెలు తెచ్చుకుంటే, వాడిది మాత్రం అబ్బా చేతితో చేసిన పెట్టె. మూలలకు ఇత్తడి పట్టీలు, మూత మీద రంగులతో ఎగిరే పావురం. నాలుగో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివాడు. ఈ ఎంట్రెన్స్ తెలుగులో ఉంటుందని ఎవరో చెబితే, అబ్బా వాణ్ని తీసి తెలుగు బడిలో వేశాడు. ఒక్క ఏడాదిలో అక్షరాలు నేర్చుకుని పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నాడు. ఆ సీటు లెక్కలు తెచ్చిపెట్టింది.

లెక్కల్లో వాడికి ఎదురులేదు. సార్ బోర్డు మీద సమస్య రాసి ఇటు తిరిగేలోపే జవాబు చెప్పేవాడు. ఎట్లా చేశావురా అంటే, చూపుడువేలుతో గాలిలో ఏదో గీసి, "గిట్ల తిప్పితే గిట్ల అయితది సార్" అనేవాడు. లెక్కల సార్ సుద్దముక్క వాడి చేతికిచ్చి తను కుర్చీలో కూర్చునేవారు. ముందు బెంచీల వాళ్లు కూడా పరీక్షల ముందు వాడి మంచం చుట్టూ చేరేవాళ్లు.

తెలుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం వాడు కూలబడేవాడు. మాట్లాడడం కాదు, మాట్లాడితే మా అందరికంటే బాగా మాట్లాడేవాడు. రాయడం. మా తెలుగు సార్ది కృష్ణ ఒడ్డు జిల్లా. పద్యం ఎత్తుకుంటే వరండాలో పోయేవాళ్లు ఆగేవాళ్లు. అంత బాగా చదివే మనిషి మా రాతల దగ్గర కత్తి పట్టుకున్నట్టు ఎర్రపెన్ను పట్టుకునేవారు. 'పోయిండు' అని రాస్తే కొట్టివేత. 'గప్పుడు' అని రాస్తే కొట్టివేత. "ఇది పరీక్ష, బజారు కాదు" అనేవారు. నేను రెండు తెలుగులు నేర్చుకుని బతికిపోయాను. బడికొకటి, ఇంటికొకటి. వాడికి అది మూడో భాష, నాలుగో భాష అయ్యేది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. 'భ' రాయాల్సినచోట 'బ', 'బ' రాయాల్సినచోట 'భ'. తెలుగులో తప్పడంతో మొత్తం ర్యాంకు కిందికి పడిపోయి, మళ్లీ చివరి బెంచీ, మళ్లీ నీళ్ల సాంబారు.

తొమ్మిదో తరగతి మొదట్లో లెక్కల సార్ మా ఇద్దర్నీ పిలిచారు. నాకు లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. "నువ్వు వీడికి తెలుగు చెప్పు. వీడు నీకు లెక్కలు చెప్తాడు. ఇద్దరూ బాగుపడతారు" అన్నారు.

సాయంత్రాలు ఆట విడిచిపెట్టి మెస్ వెనక నీళ్ల ట్యాంకు గద్దె మీద కూర్చునేవాళ్లం. గోడ అవతల రోడ్డు మీద చెరకు బండ్లు ఫ్యాక్టరీకి పోతుండేవి. ఎద్దుల గంటలు, చెరకు ఆకుల రాపిడి, గాలి ఇటు తిరిగితే మొలాసిస్ పులిసిన కంపు. నేను నోట్సు విప్పి సంధులు మొదలుపెట్టేవాణ్ని. వాడు పావుగంట ఓపిక పట్టి తర్వాత పేచీ పెట్టుకునేవాడు.

"అరే, నాకొకటి చెప్పు. మీ అవ్వ మాట్లాడేది తెలుగేనా?"

"తెలుగే."

"మీ అవ్వ గీ పుస్తకంల ఉన్నట్టు మాట్లాడతదా?"

"మాట్లాడది."

"మరి గిది ఎవరి అవ్వ మాట్లాడే తెలుగు రా భై?"

నాకు జవాబు తెలియదు. తెలియక కోపమొచ్చేది. "ఎవరిదైతే నీకేంది, రాసి పాసయితే సాలదా" అని అరిచేవాణ్ని. వాడు నోట్సు మూసి అవతల పెట్టేవాడు. ఇద్దరం గోడ మీద కాకుల్ని చూస్తూ కూర్చునేవాళ్లం. తర్వాత వాడే నా లెక్కల పుస్తకం తీసి, "సరే, నీ గోస సూద్దాం పా" అనేవాడు. లెక్కలు చెప్పేటప్పుడు వాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒకే లెక్కను మూడు దారుల్లో చేసి చూపించేవాడు. నాకు ఏ దారి ఎక్కితే ఆ దారి.

ఒకరోజు గుణసంధి దగ్గర ఇరుక్కున్నాం. సూత్రం ఎన్నిసార్లు వల్లెవేయించినా వాడికి ఎక్కడం లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వాడు పలక మీద చూపించినట్టు గద్దె మీద బొగ్గుతో రాశాడు. "ఆగు. అ ప్లస్ ఇ ఈక్వల్టు ఏ. అ ప్లస్ ఉ ఈక్వల్టు ఓ. అ ప్లస్ ఋ ఈక్వల్టు అర్. గంతేనా?"

"గంతే."

"అగో! గట్ల జెప్పాలె గద. ఇన్ని రోజులు శ్లోకం జెప్పినట్టు జెప్పబడితివి."

వారం తిరక్కుండా సంధులన్నీ మింగేశాడు. విడదీయమంటే విడదీసేవాడు, కలపమంటే కలిపేవాడు. ఛందస్సు ఇంకా సులువుగా పట్టుకున్నాడు. గురువు, లఘువు అంటే వాడికి ఒకటీ సున్నా లాగా కనిపించాయట. తరగతిలో తెలుగు సార్ ఉత్పలమాల పాదం బోర్డు మీద రాసి గణాలు విభజించమంటే, వెనక బెంచీ నుంచి లేచి వచ్చి గీతలు గీసేసి పోయాడు. సార్ ఆ గీతల్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూశారు. "కూర్చో" అన్నారు. మెచ్చుకోలేదు. కానీ ఆ రోజు నుంచి వాడి కాగితం దిద్దేటప్పుడు తప్పుల పక్కన ఒప్పు కూడా రాసివ్వడం మొదలుపెట్టారు. ఆయన అట్లా ఇంకెవరికీ రాయలేదు.

మిగిలింది వ్యాసం. అక్కడ సూత్రం లేదు. 'వర్షాకాలం' మీద వ్యాసం రాయమంటే వాడు నాకు నోటితో అద్భుతంగా చెప్పేవాడు. వానకు వాళ్ల రేకుల దుకాణం ఎట్లా మోగుతుందో, ఆ మోతలో గిరాకీ చెప్పే కొలతలు వినపడక అబ్బా చిన్న పెట్టె బదులు పెద్ద పెట్టె ఎట్లా చేశాడో చెబుతుంటే నేను పడిపడి నవ్వేవాణ్ని. ఇదే రాయరా అంటే కాగితం మీద 'వర్షాకాలము మిక్కిలి ఆహ్లాదకరమైనది' అని రాసి ఆగిపోయేవాడు. తర్వాత ఏముండాలో వాడికి తెలియదు. దుకాణం సంగతి రాస్తే కొట్టేస్తారు. ఆహ్లాదం సంగతి వాడికి రాదు.

హాఫియర్లీలో తెలుగు తప్పాడు. కొద్దిలో తప్పాడు. ప్రిన్సిపాల్ గారు ప్రార్థనలో అందరి ముందు నిలబెట్టి, "ఈ బడిలో ఇప్పటిదాకా పదో తరగతి ఫెయిలైనవాడు లేడు. నూటికి నూరు శాతం. గుర్తుపెట్టుకో" అన్నారు. ఆ సాయంత్రం వాడు ట్యాంకు దగ్గరికి రాలేదు. నేనొక్కణ్నే కూర్చుని వాణ్నీ, సార్నీ, ఆహ్లాదకరమైన వర్షాకాలాన్నీ తిట్టుకున్నాను.

మర్నాడు ఎవరూ అనుకోనిది జరిగింది. తెలుగు సార్ మా ఇద్దర్నీ స్టాఫ్ రూమ్‌కు పిలిచారు. "ఆదివారాలు నా క్వార్టర్‌కి రండి. వ్యాసం సంగతి నేను చూస్తాను" అన్నారు. ఆయన ఇంట్లో చాప మీద కూర్చోబెట్టి, వాణ్ని ముందు నోటితో చెప్పమనేవారు. వాడు చెప్పినంతసేపూ పెన్ను ముట్టుకునేవారు కాదు. తర్వాత, "ఇప్పుడు 'మోగింది' అన్నావు కదా. అదే రాయి. 'గప్పుడు' తీసి 'అప్పుడు' పెట్టు. అంతే తేడా" అనేవారు. నాకు ఒళ్లు మండింది. అంతే తేడా అయితే ఇన్నేళ్లూ ఆ ఎర్రగీతలు దేనికి? అడిగే ధైర్యం లేక మింగాను. వాడికి ఆ కోపమేమీ లేదు. సార్ భార్య ఇచ్చిన మరమరాలు తింటూ ఒత్తులు దిద్దుకునేవాడు.

ఏడాది పరీక్షలో వాడు తెలుగు పాసయ్యాడు. గొప్ప మార్కులేం కావు, గీత దాటాడు. లెక్కల్లో ఎప్పటిలా అందరికంటే పైన. నాక్కూడా మొదటిసారి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. వరండాలో ఇద్దరం ఎగిరి గంతులేశాం. లెక్కల సార్ చూసి కూడా కసురుకోలేదు.

సెలవులకు ఇళ్లకు పోయే రోజు అందరి తల్లిదండ్రులూ వచ్చారు. వాళ్ల అబ్బా కూడా వచ్చాడు, నేను చాచా అనేవాణ్ని. మా కోసం బగారన్నం డబ్బా తెచ్చాడు. ఆయన్ని ప్రిన్సిపాల్ గారు పిలుస్తున్నారని ప్యూన్ చెప్పాడు. కొడుకు పాసయ్యాడు కాబట్టి మెచ్చుకోవడానికే అనుకున్నాం. "నువ్వు గూడ రా బేటా, నీ దోస్తు పాసయిండంటే నీ దయనే" అని ఆయన నన్ను కూడా తీసుకుపోయాడు. గదిలో లెక్కల సారూ, తెలుగు సారూ అప్పటికే నిలబడి ఉన్నారు.

ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే మాట్లాడారు. "మీ అబ్బాయి తెలివైనవాడే. కానీ పదో తరగతి మా దగ్గర కష్టం. బోధన్‌లో ప్రభుత్వ బడి ఉంది కదా, అక్కడ చేర్పించండి. టి.సి. సిద్ధం చేయించాను."

చాచాకు అర్థం కాలేదు. "పాసయిండు గద సార్?"

"ఆ పాసు మా బడిలో పాసు. పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్లు వేరే. వీడొక్కడు తప్పితే మా ఫలితం పోతుంది. పైనుంచి నన్ను అడుగుతారు."

"సార్, జర సోంచాయించున్రి. ఇంక ఒక్క ఏడాదే గద. పోరడు రాత్రింబవళ్లు చదువుతుండు. గిప్పుడు తీసేస్తే వాడి మనసు ఇరిగిపోతది."

లెక్కల సార్ ముందుకొచ్చారు. "సార్, లెక్కల్లో వీడిలాంటివాణ్ని నేను చూడలేదు."

"లెక్కల సంగతి నేను మాట్లాడటం లేదు" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అప్పుడు తెలుగు సార్ గొంతు విప్పారు. "తెలుగు సంగతి నాది. వీడి బాధ్యత నేను తీసుకుంటాను. తప్పితే నా మీద రాయండి."

"మీ మీద రాస్తే నా ఫలితం తిరిగొస్తుందా మాస్టారూ?"

నేను ఆగలేక, "వాడు తప్పలేదు గద సార్, పాసయిండు. పాసయినోన్ని ఎట్ల తీసేస్తరు?" అన్నాను. కంగారులో నోట్లోంచి ఇంటి తెలుగే వచ్చింది. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూడకుండానే తలుపు చూపించారు. బయటికొచ్చాను. వరండాలో నా స్నేహితుడు మా అవ్వకు బగారన్నం వడ్డిస్తున్నాడు. నా మొహం చూసి, "ఏమైంది రా?" అన్నాడు. వెనకాలే వచ్చిన చాచా వాడి భుజం మీద చెయ్యేసి, "చలో బేటా, సామాన్ తీయి" అన్నాడు. అంతే. ఆ పావురం బొమ్మ పెట్టెను తండ్రీకొడుకులు చెరోవైపు పట్టుకుని బస్ స్టాపుకు నడిచారు.

పదో తరగతి నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. ర్యాంకుల్లో ముందుకు జరిగాను. ములక్కాడ ముక్కలు దొరికాయి. రుచించలేదు అంటే అబద్ధం, ఆకలికి తిన్నాను. తెలుగు సార్ పాఠం చెప్పేవారు, దిద్దేవారు, పద్యం మాత్రం మునుపటిలా ఎత్తుకునేవారు కాదు. బడికి ఆ ఏడు కూడా నూటికి నూరు శాతం వచ్చింది. నాకు లెక్కల్లో వచ్చిన మార్కులు చూసి సార్లు చేయి కలిపారు. ఎవరి చలవో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

ఫలితాలొచ్చిన వారంలోనే బోధన్ నుంచి వచ్చిన ఒకతని నోట విన్నాను. వాడు అక్కడి ప్రభుత్వ బడి నుంచి రాసి అన్ని సబ్జెక్టులూ పాసయ్యాడు, ఫస్ట్ క్లాసులో. తెలుగు కూడా పాసయ్యాడు. ఆ మాట వినగానే నాకు వాణ్ని చూడాలనిపించలేదు. ముందు ప్రిన్సిపాల్ గారి ముందు నిలబడి చెప్పాలనిపించింది. ఏమనాలో దారి పొడుగునా బస్సులో కూడబలుక్కున్నాను. బడి తెలుగులో, ఒక్క తప్పు లేకుండా చెప్పాలనుకున్నాను.

ఆయన గదిలో వేరే మనిషి కూర్చుని ఉన్నారు. పాతాయన బదిలీ మీద పోయి పదిహేను రోజులైందట. కొత్త ప్రిన్సిపాల్‌కు నా కథంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, "ఏ అబ్బాయి? మన బడి పిల్లవాడు కాదంటున్నావుగా?" అన్నారు. మన బడి పిల్లవాడే అన్నాను. "మన ఫలితం నూటికి నూరు కదా బాబూ, మరి సమస్య ఏముంది?" అన్నారు. నిజంగానే ఆయనకు తెలియక అడిగారు. ఆయన మీద కోప్పడడానికి కూడా వీల్లేకపోయింది.

స్టాఫ్ రూమ్‌లో తెలుగు సార్ ఉంటే ఆయనకు చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వ్యాసం ఏది రాశాడట?" అని అడిగారు. తెలియదన్నాను. "కనుక్కో" అన్నారు.

అక్కణ్నుంచి బోధన్ పోయాను. వాడు దుకాణంలో రేకు కత్తిరిస్తున్నాడు. నిజామాబాద్ పాలిటెక్నిక్‌లో చేరడానికి అప్లై చేశానని సంబరంగా చెప్పాడు. నేను సార్ కనుక్కోమన్న వ్యాసం సంగతి మరిచిపోయి, ప్రిన్సిపాల్ గది సంగతి చెప్పి పళ్లు కొరుక్కుంటుంటే వాడు నవ్వాడు. "అరే, నువ్వు నా మీద ప్రేమతో వచ్చినవా, ఆయన మీద కోపంతో వచ్చినవా?"

"రెండూ."

"అయితే ముందు అన్నం తిందాం పా."

లోపల వాళ్ల అమ్మీ పళ్లెం పెట్టింది. నేను రెండు ముద్దలు తిన్నాక, ఎన్నాళ్ల నుంచో అడగాలని దాచుకున్నట్టుగా మెల్లగా అడిగింది. "బేటా, నువ్వన్న నిజం చెప్పు. ఈడు ఆ బడిల ఏం తప్పు చేసిండు? ఈని అబ్బాను అడిగితే ఏం లేదంటడు. ఈన్ని అడిగితే నవ్వుతడు. కొట్లాడిండా? దొంగతనం చేసిండా?"

"ఏం చెయ్యలే చాచీ. పాసయిండు. ముందుముందు తప్పుతడేమోనని తీసేసిన్రు."

ఆమె నా మొహంలోకి చూసింది. "పాసయినోన్ని ఎవరన్న తీసేస్తరా బేటా? నాకు చదువు రాదని మీరందరు ఒక్కటై చెప్తున్నరు."

వాడు ఉర్దూలో ఏదో అన్నాడు, ఇంక వదిలేయమని కాబోలు. నేను వదల్లేదు. చేతిలో ముద్ద పట్టుకునే, ఎంట్రెన్స్ నుంచి మొదలుపెట్టి, బెంచీలు, ర్యాంకులు, నూటికి నూరు శాతం, అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె తలూపుతూ చివరిదాకా విన్నది. నా పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసింది.

"సరే బేటా, తిను. చేసింది ఏదైనా గానీ, అయిపోయింది గద" అంది.